‘అరిగిపోయింది’ అన్న మాటతో నా పేచీ

మూడేళ్ళ కిందట అమ్మని మోకాళ్ళ నొప్పులకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి, పై ఎముకకీ కింది ఎముకకీ మధ్య సందు ఎంత సన్నబడిందో వేలితో చూపించి, “గుజ్జు అరిగిపోయిందమ్మా. అరవై ఏళ్ళు వాడారు కదా, చెప్పులు అరగవూ? అలాగే” అన్నారు. మంచాయనే. తీరిగ్గా మాట్లాడారు, అక్కర్లేని పరీక్షలేవీ రాయలేదు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ చెప్పుల పోలిక మీదే ఉంది.

అమ్మ ఆ పోలికని ఉన్నదున్నట్టు నమ్మేసింది. అరిగే వస్తువే అయితే మిగిలినదాన్ని పొదుపుగా వాడుకోవాలి కదా! ఆ రోజు నుంచీ అడుగులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. గుడికి వెళ్ళడం మానేసింది. కూరల బండి వస్తే గేటు దాకా వెళ్ళకుండా అరుగు మీంచే బేరమాడేది. ఆ వేసవిలో మేడ మీద వడియాలు లేవు. ఏడాది తిరిగేసరికి తొడలు సన్నబడ్డాయి, ఒళ్ళు మాత్రం ఆరు కిలోలు పెరిగింది, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది. నొప్పి తగ్గకపోగా ఎక్కువైంది. “చూశావా, ఇంత తక్కువ వాడినా ఇంకా అరిగిపోతూనే ఉంది” అని నాతోనే అంది.

ఇంచుమించు అదే రోజుల్లో పిన్నికి చేతి వేళ్ళ కణుపులు వాయడం మొదలైంది. పిన్ని అంటే అమ్మ ఆఖరి చెల్లెలు, అప్పటికి నలభై నిండలేదు. పొద్దున లేవగానే గుప్పిట మూసుకునేది కాదు. పాల ప్యాకెట్టు చింపడానికి పిల్లాణ్ణి లేపేది. పది దాటితే గానీ చేతులు స్వాధీనంలోకి వచ్చేవి కావు. ఒకరు చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు. ఒకరు కాల్షియం రాశారు. మూడో ఆయన “మీ అక్కగారికీ ఉంది కదా, అరుగుదల, వంశంలో వచ్చేదే” అని తేల్చేశారు. అలా పద్నాలుగు నెలలు పోయాయి. ఎవరో చెబితే కీళ్ళ వాపు జబ్బులు చూసే రుమటాలజిస్టుని వెతుక్కుంటూ వెళ్ళింది. రక్తపరీక్షలో యాంటీ సీసీపీ ఎక్కువగా ఉందని తేలింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడే జబ్బు. అప్పటికే కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఎముక అంచు కొరికినట్టయిందని ఎక్స్‌రేలో కనబడింది.

మొన్న ఒక పెళ్ళిలో అత్తయ్య వీళ్ళిద్దరి మధ్యా కూర్చుని, “అక్కాచెల్లెళ్ళిద్దరికీ అరిగిపోయాయటగా” అంది. ఇద్దరూ తలూపారు. నాకు మాత్రం ఆ పూట భోజనం సరిగ్గా దిగలేదు. ఇద్దరికీ ఒకటే మాట. ఆ మాట వల్ల ఒకరు నడక మానేశారు, ఇంకొకరు మందు వేసుకోవాల్సిన కాలం పోగొట్టుకున్నారు. పైగా నాకు తెలిసినంతలో ఇద్దరి విషయంలోనూ ఆ మాట తప్పే. కీలులో జరిగేది అరగడం కాదు. ప్రాణమున్న ఒక కణజాలాన్ని ప్రాణమున్న కణాలే పనిగట్టుకుని విప్పెయ్యడం.

సబ్జా గింజల మూట

గుజ్జు అనే మాట దగ్గరే మొదలవుతుంది గొడవ. గుజ్జు అంటే చింతపండు గుజ్జులా కారిపోయేది, అయిపోయేది, మళ్ళీ పోస్తే నిండేది. అందుకే ‘గుజ్జు ఇంజెక్షన్’ అనగానే సైకిల్ చక్రానికి గ్రీజు పట్టించినట్టు ఊహించుకుంటారు. అందులో ఉండేది హైలురోనిక్ యాసిడ్. కీలులో సహజంగా ఉండే జిగురు ద్రవంలోనూ అదే ఉంటుంది. అంతేగానీ పోయిన కార్టిలేజ్‌ని (డాక్టర్లు గుజ్జు అనేది దీన్నే) అది మళ్ళీ పెంచదు.

కార్టిలేజ్ ఎలా ఉంటుందో చికెన్ తినేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలి ఎముక చివర తెల్లగా, నున్నగా, కొరికితే కరకరలాడే టోపీ ఉంటుంది చూడండి, అదే. మన మోకాల్లో దాని మందం చాలా చోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. బరువులో 65 నుంచి 80 శాతం నీళ్ళే. రక్తనాళాలుండవు. నరాలూ ఉండవు, అంటే దానికి నొప్పి తెలీదు. నొప్పి పుట్టేది దాని కింద ఉన్న ఎముకలో, చుట్టూ ఉన్న పొరల్లో. గుజ్జు పోయింది కాబట్టి నొప్పి అని మనం వేసుకున్న లెక్కలో అక్కడే ఒక కొక్కెం ఊడుతుంది. ఎక్స్‌రేలో సందు బాగా సన్నబడినా హాయిగా తిరిగేవాళ్ళున్నారు, ఎక్స్‌రే బాగున్నా మెట్లు దిగలేనివాళ్ళూ ఉన్నారు. అసలు ఎక్స్‌రేలో కార్టిలేజ్ కనపడదు. కనపడేది ఎముకల మధ్య ఖాళీ ఒక్కటే.

మూడొంతుల నీళ్ళున్న వస్తువు మనిషి బరువు ఎలా మోస్తుంది? నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. పల్చటి గుడ్డలో గుప్పెడు సబ్జా గింజలు పోసి, బిగించి మూటకట్టి నీళ్ళలో పడెయ్యండి. గింజలు ఉబ్బాలని చూస్తాయి, గుడ్డ ఉబ్బనివ్వదు. కాసేపటికి మూట బిర్రుగా బంతిలా అవుతుంది. కార్టిలేజ్‌లో గింజల పని చేసేది అగ్రికాన్ అనే అణువు. సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది, ఒంటినిండా రుణావేశం, నీళ్ళని గట్టిగా పట్టుకుంటుంది. గుడ్డ పని చేసేది టైప్ 2 కొల్లాజెన్ పోగులు. అడుగు పడినప్పుడు నీళ్ళు కాస్త బయటికి వస్తాయి, కాలు ఎత్తినప్పుడు లోపలికి పోతాయి. రక్తం అందని ఆ కణాలకి తిండి చేరేది ముఖ్యంగా ఆ రాకపోకల్లోనే. వెన్నుపూస దెబ్బతిని కాళ్ళు కదపలేని స్థితికి వచ్చినవాళ్ళ మోకాళ్ళలో కార్టిలేజ్ పల్చబడుతుందని ఎమ్మారై స్కాన్లలో చూశారు. వాడని చెప్పు అరగదు. వాడని మోకాలు పల్చబడుతుంది. చెప్పుల పోలిక నా దృష్టిలో అక్కడే తెగిపోయింది.

కుందేలు చెవులు

మటన్ ముదురుదైతే మన ఇళ్ళలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. మాంసాన్ని మెత్తబరిచేది అందులోని పపైన్ అనే ఎంజైమ్. 1956లో లూయిస్ థామస్ అనే అమెరికన్ డాక్టరు ఆ పపైన్‌ని కుందేళ్ళ నరంలోకి ఎక్కిస్తే ఏమవుతుందో రాశాడు. కుందేలు బాగానే ఉంది, చెవులు మాత్రం కొన్ని గంటల్లో వాడిపోయిన తమలపాకుల్లా వాలిపోయాయి. కొద్ది రోజులు పోయాక మళ్ళీ వాటంతటవే నిలబడ్డాయి.

ఆ చెవుల్ని ఎవరూ రుద్దలేదు, అరగదీయలేదు. లోపలి కార్టిలేజ్‌లో గింజలు తెగిపోయాయి, గుడ్డ మిగిలింది. కణాలు కొత్త గింజలు తయారు చేసుకున్నాయి, చెవులు లేచాయి. ఇది చదివినప్పుడు నాకు ఒక ఆశ, ఒక చిక్కు రెండూ కలిగాయి. ఆశ సరే. చిక్కేమిటంటే, 1743లోనే విలియం హంటర్ అనే శరీరశాస్త్రవేత్త కార్టిలేజ్ ఒకసారి నాశనమైతే మళ్ళీ బాగుపడదని రాశాడు. ఆ మాట నేటికీ చాలావరకు నిలిచే ఉంది. మరి కుందేలు చెవులు ఎలా లేచాయి?

జవాబు గుడ్డలో ఉంది. 1950లు, 60లలో అణుబాంబుల పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఒంట్లో ఏ పదార్థం ఏ సంవత్సరంలో తయారైతే ఆ ఏటి గాలి గుర్తు అందులో మిగులుతుంది. 2016లో డెన్మార్క్ పరిశోధకులు మనుషుల మోకాళ్ళలోని కొల్లాజెన్‌కి ఈ లెక్క కట్టారు. అది ఎదిగే వయసులో తయారైనదే. ఆ తర్వాత కొత్తది దాదాపు చేరలేదు, జబ్బు పడిన మోకాళ్ళలో కూడా. గింజలు ఎన్నిసార్లయినా వస్తాయి. గుడ్డ మాత్రం ఒక్కసారే నేస్తారు, అదీ మనం కాలేజీ దాటక ముందే. గింజలు పోయినంతసేపూ వెనక్కి రావచ్చు, గుడ్డ తెగాక రాలేం.

ఈ సంగతి నా వాదనకి కొంచెం అడ్డం వస్తుందని తెలుసు. తిరిగి రానిది తరుగుతూ పోతే దాన్ని అరుగుదల అనకూడదా అని అడగొచ్చు. ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను.

పక్కింటివాళ్ళు పంపిన కబురు

ఈ మొత్తం విషయంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం కేంబ్రిడ్జిలో జరిగింది. హానర్ ఫెల్ అనే ఆవిడ దశాబ్దాల పాటు అక్కడి స్ట్రేంజ్‌వేస్ లాబొరేటరీని నడిపారు. 1977లో ఆవిడా, జబ్ అనే సహచరుడూ పంది కార్టిలేజ్ ముక్కల్ని, కీలు లోపల అస్తరులా ఉండే సైనోవియం పొరతో కలిపి గాజు గిన్నెల్లో పెంచారు. పొరని కార్టిలేజ్‌కి ఆనించి ఉంచితే, ఆ కార్టిలేజ్ బతికున్నా చచ్చినా కరిగింది. పొరని ఆనించకుండా దూరంగా ఉంచితే కూడా కరిగింది, కానీ అందులో కణాలు బతికి ఉంటేనే. కణాల్ని ముందే చంపేస్తే ఆ ముక్కకి ఏమీ కాలేదు.

రెండోది మళ్ళీ చదవండి. పొర ముట్టుకోలేదు, కబురు పంపిందంతే. ఆ కబురు అందుకుని కార్టిలేజ్ కణాలే తమ చుట్టూ తాము కట్టుకున్న ఇంటిని కూల్చుకున్నాయి. 1979లో డింగిల్, సక్లత్వాలా బృందం ఆ కబురు మోసే పదార్థానికి కెటబాలిన్ అని పేరు పెట్టారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 అని 1980లలో తేలింది. తెల్ల రక్తకణాలు మాట్లాడుకునే భాషలోదే ఆ పదం కూడా.

కూల్చే పనిముట్లు కూడా దొరికాయి. అగ్రికాన్‌ని కత్తిరించే కత్తెరల్లో ముఖ్యమైనవి అడామ్‌టీఎస్-4, అడామ్‌టీఎస్-5 అనే ఎంజైమ్‌లు. కొల్లాజెన్ పోగుని తెంపే వాటిలో పెద్దది ఎంఎంపీ-13. 2005లో రెండు బృందాలు అడామ్‌టీఎస్-5 పని చేయని ఎలుకలతో ప్రయోగాలు చేశాయి. ఒకరు ఎలుక మోకాలిని ఆపరేషన్‌తో వదులు చేశారు, ఇంకొకరు అందులో వాపు తెప్పించారు. రెండు చోట్లా ఆ ఎలుకల కార్టిలేజ్ మామూలు ఎలుకలకన్నా చాలా బాగా నిలబడింది. ఇది నిజంగా చెప్పులు అరిగినట్టే అయితే, వదులైన మోకాలితో తిరిగే ఎలుకకి ఒక్క కత్తెర లేనంత మాత్రాన ఎందుకు తేడా రావాలి?

అమ్మ మోకాల్లోనూ, పిన్ని వేళ్ళలోనూ కత్తెరలు చాలావరకు ఇవే. పట్టుకున్న చేతులు వేరు. అమ్మ విషయంలో ఎక్కువగా లోపలి కణాలే, పాత దెబ్బలో, బరువో, వయసో, సన్నటి వాపో ఇచ్చిన కబుర్లు విని దారి తప్పినవి. పిన్ని విషయంలో పొరే మీద పడింది.

కాలవలో గుర్రపుడెక్క

గోదావరి జిల్లాల కాలవలు చూసినవాళ్ళకి పిన్ని జబ్బు చెప్పడం తేలిక. గుర్రపుడెక్క గట్టు వార మొదలై ఎలా పాకుతుందో గుర్తు తెచ్చుకోండి. రుమటాయిడ్‌లో కీలు అస్తరు కూడా అలాగే లావెక్కి, అంచు దగ్గర మొదలై కార్టిలేజ్ మీదికి పాకుతుంది. దాన్ని పాన్నస్ అంటారు. కార్టిలేజ్‌నీ తింటుంది, అంచున ఎముకనీ కొరుకుతుంది. పిన్ని మణికట్టు ఎక్స్‌రేలో కనబడింది ఆ కొరుకుడే.

దీని మొండితనం నన్ను భయపెట్టింది. 1996లో ఒక ప్రయోగం చేశారు. రుమటాయిడ్ రోగుల కీలు పొరలోని కణాల్ని తీసి, ఆరోగ్యమైన మనిషి కార్టిలేజ్ ముక్కతో కలిపి, రోగనిరోధక శక్తి లేని ఎలుకల ఒంట్లో పెట్టారు. ఉసిగొల్పడానికి అక్కడ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు లేవు. అయినా ఆ పొర కణాలు కార్టిలేజ్‌లోకి తవ్వుకుంటూ పోయాయి. 2009లో ఇంకో మెట్టు ఎక్కి చూశారు. ఎలుక ఒంట్లో ఒక పక్క పెట్టిన కణాలు రక్తంలో ప్రయాణించి రెండో పక్క పెట్టిన కార్టిలేజ్‌కి చేరాయి. ఈ జబ్బు రెండు చేతులకీ ఒకేలా రావడానికి ఇదొక కారణమై ఉండొచ్చు. ఇలాంటి దాన్ని పట్టుకుని ‘అరుగుదల, కాల్షియం వేసుకోండి’ అంటే ఎలా?

తేడా తెలుసుకోవడానికి లాబొరేటరీ కూడా అక్కర్లేదు, ముందు అనుమానం వస్తే చాలు. అమ్మకి పొద్దున పట్టేసిన మోకాళ్ళు పది పదిహేను నిమిషాల్లో సర్దుకుంటాయి, సాయంత్రానికి తిరిగిన కొద్దీ నొప్పి. పిన్నికి గంటలు పట్టేది, పని చేసిన కొద్దీ వదులయ్యేది. వేళ్ళ మొదటి కణుపులు, మధ్య కణుపులు, మణికట్లు, అదీ రెండు వైపులా. ఇవన్నీ పిన్ని ప్రతి డాక్టరుకీ చెప్పింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ నిర్లక్ష్యం చేయాలనీ అనుకోలేదు. అరుగుదల అన్న మాట సిద్ధంగా నోట్లో ఉంది, అంతే.

పిన్నికి రాసిన మందు మెథోట్రెక్సేట్. చీటీ చూడగానే నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిన మనిషి. 1947లో పిల్లల ల్యుకేమియాకి సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్, రెండూ ఆయన బృందం తయారు చేసినవే. ఆయన 1948లో పోయారు. 1951లో అమినోప్టెరిన్ కీళ్ళ వాపుకి కూడా పనిచేస్తోందని న్యూయార్క్‌లో గమనించారు. అప్పుడు లోకమంతా కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మోజులో ఉండి దాన్ని పట్టించుకోలేదు. అమెరికాలో రుమటాయిడ్‌కి మెథోట్రెక్సేట్‌ని అనుమతించింది 1988లో. మా వైపు మనిషి పుణ్యమా అని పిన్ని గుప్పిట మూసుకుంటోందని ఇంట్లో చెబితే అందరూ మురిసిపోయారు.

ఒక్కటి మాత్రం పక్కన పెట్టి చెప్పాలి. ఈ మాత్ర వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మందుల షాపులో కుర్రాడు కవరు మీద అలవాటుగా ‘రోజుకి 1’ అని రాసిచ్చాడు. పిన్ని అడిగింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు క్యాలెండర్‌లో ప్రతి శుక్రవారం చుట్టూ ఎర్ర గుండ్రం చుట్టి ఉంటుంది.

ఆ మందు చాలనివాళ్ళకి, టీఎన్ఎఫ్ అనే వాపు కబురు మోసే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లున్నాయి. వాటి వెనక ఉన్నవాళ్ళలో ఒకరు లూధియానాలో పుట్టిన రవీందర్ నాథ్ మైనీ. లండన్‌లోని కెనెడీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనా, మార్క్ ఫెల్డ్‌మన్ కలిసి 1980లలో వాచిన కీళ్ళ కణాల్ని గాజు గిన్నెలో పెంచి, వాటి మధ్య నడిచే కబుర్లు చదివారు. ఒక్క టీఎన్ఎఫ్ నోరు మూస్తే ఇంటర్‌ల్యూకిన్-1 కూడా తగ్గుతుందని గమనించారు. 1992లో మొదటిసారి రోగులకి ఇచ్చి చూశారు. రుమటాయిడ్‌ని అరుగుదల అనుకుని ఉంటే ఆ గిన్నెలో కబుర్లు వెతికేవారు కాదు.

నా వాదనకి ఉన్న చిల్లులు

ఇక్కడిదాకా రాసి ఒక స్నేహితుడికి చూపించాను. ఎముకల డాక్టరు. “పిన్ని సంగతి ఒప్పుకుంటాను. మీ అమ్మగారి విషయంలో నీ కత్తెరల సిద్ధాంతం అంత నిజమైతే ఆ కత్తెరలకి మందేది?” అన్నాడు.

సూటిగా తగిలింది. ఎంఎంపీ జాతి కత్తెరలన్నిటినీ మూకుమ్మడిగా అడ్డుకునే మందులు చేశారు. అవి వేసుకున్నవాళ్ళలో కీళ్ళ నొప్పులూ బిగుతూ మొదలయ్యాయి. కీళ్ళ జబ్బు మందుకి కీళ్ళ నొప్పులే దుష్ఫలితం! అడామ్‌టీఎస్-5ని అడ్డుకునే మాత్రని మోకాళ్ళ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళ మీద పరీక్షిస్తే కార్టిలేజ్ తరుగుదల ఆగలేదు. రుమటాయిడ్‌లో అద్భుతాలు చేసిన టీఎన్ఎఫ్ మందులు, ఇంటర్‌ల్యూకిన్-1 మందులు అమ్మకున్న రకంలో, అంటే ఆస్టియో ఆర్థరైటిస్‌లో నిరాశపరిచాయి. స్ప్రిఫెర్మిన్ అనే ఇంజెక్షన్ కార్టిలేజ్‌ని కొద్దిగా మందంగా చేసింది కూడా, 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. నొప్పి మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకన్నా తగ్గలేదు. ఎలుకల్లో గెలిచినది మనుషుల్లో ఓడిపోవడం కొత్త కాదు. కానీ ఇన్నిసార్లు ఓడిపోతే కత్తెర ఒక్కటే కథ కాదని ఒప్పుకోవాలి. ఇది కార్టిలేజ్ జబ్బు మాత్రమే కాదు, కింది ఎముక, పొర, తొడ కండరం, ఒంట్లో కొవ్వు అన్నీ కలిసిన మొత్తం కీలు జబ్బు. మనిషి మోకాలు చెడటానికి ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది, మందుల పరీక్ష రెండు మూడేళ్ళలో ముగుస్తుంది.

ఇంకో చిల్లు ఇంకా పెద్దది. నడుం వంచి నాట్లు వేసిన ఆడవాళ్ళ మోకాళ్ళు, బస్తాలు మోసిన హమాలీల మోకాళ్ళు చూసి కూడా వాడకానికి సంబంధం లేదు అనగలనా? అనలేను. బరువు ముఖ్యం, దెబ్బలు ముఖ్యం. ఆటలో లిగమెంటు తెగిన కుర్రాడికి ముప్పై అయిదేళ్ళకే మోకాలు మొరాయిస్తుంది. గుడ్డ మళ్ళీ నేయబడదు కాబట్టి పడిన చిరుగు చిరుగే. అంతవరకూ అరుగుదల అన్న మాటలో నిజముంది. నేను కాదనేది ఒక్కటే, కదలికే శత్రువు అన్న లెక్క. 2017లో వచ్చిన ఒక సమీక్షలో, సరదాకి పరుగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి ఆర్థరైటిస్ 3.5 శాతం మందికి ఉంటే, పరుగు జోలికి పోనివాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్ళలో 13.3. మోకాళ్ళు బాగున్నవాళ్ళే పరుగెత్తుతారు కదా అనొచ్చు, ఆ అనుమానం నాకూ ఉంది. కానీ చెప్పులాగే అరిగేదైతే మొదటి అంకె రెండోదానికన్నా ఎక్కువ ఉండాలి, ఇంత తక్కువ ఉండటానికి వీల్లేదు. ఒళ్ళు ఎక్కువున్నవాళ్ళకి చేతివేళ్ళలో కూడా ఆస్టియో ఆర్థరైటిస్ ఎక్కువ వస్తుంది. వేళ్ళ మీద ఎవరూ నడవరు. కొవ్వు కూడా కబుర్లు పంపుతుంది మరి.

మూడో చిల్లు ఏ పరిశోధనలోనూ లేదు. అమ్మకి ఇదంతా విడమరిచి చెప్పిన రోజు ఆవిడ ముఖం చిన్నబోయింది. “అరిగిపోయాయంటే, పని చేసీ చేసీ అరిగాయి అని నలుగురికీ చెప్పుకోవడానికి ఉండేది. నాలుగు గేదెలకి గడ్డి మోశాను, మిమ్మల్ని ముగ్గుర్ని ఎత్తుకున్నాను. ఇప్పుడేమో నా ఒంట్లోవే నా మోకాలు తింటున్నాయంటావు” అంది. నాకు జవాబు తోచలేదు. అరుగుదల అన్న మాటలో మా అమ్మ ఒక సర్టిఫికెట్ చూసుకుంటోందని అప్పటిదాకా నాకు తట్టలేదు. సైన్సు సరిగ్గా ఉండాలన్న పట్టుదలలో అది లాక్కునే హక్కు నాకెక్కడిది? ఇప్పటికీ తేలలేదు.

అయినా నడక మాత్రం మొదలైంది. నా ఉపన్యాసం వల్ల కాదు, ఫిజియోథెరపీ అమ్మాయి వల్ల. “అమ్మా, మీ మోకాలికి ఆకలేస్తోంది, మీరు నడిస్తేనే అన్నం” అందిట. మొదటి నెలంతా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, అదే పని. తర్వాత వీధి చివరిదాకా. నొప్పి మొదట్లో పెరిగింది, భయపడి రెండు సార్లు మానేసింది, ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసి లేపింది. ఏడాదిన్నరలో నాలుగు కిలోలు తగ్గింది. కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందన్న లెక్క ఒకటుంది, అమ్మకి అది భలే నచ్చింది, వడ్డీ లెక్కలా ఉందంది. ఎక్స్‌రేలో సందు అలాగే ఉంది. రేపెప్పుడైనా ఆపరేషన్ అవసరం పడొచ్చు కూడా. గుడికి మాత్రం వెళ్ళి వస్తోంది, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని.

నిన్న సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసింది, గుజ్జు ఇంజెక్షన్ చేయించుకోనా అని అడగడానికి. అమ్మ స్పీకర్ ఆన్ చేసి చెప్పులు తొడుక్కుంటోంది. “అరగడం కాదంట వదినా. లోపల ఉన్నవాళ్ళే కత్తెరలు పెట్టి కోస్తున్నారంట. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అదీ సంగతి. మందు కూడా లేదంట.” అటువైపు అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి చెల్లాయికి మందుందన్నావుగా?” అంది.

“దానిది వేరే దొంగ వదినా, పక్కింటిది. దానికి మన భీమవరం ఆయన మందు కనిపెట్టాడు, శుక్రవారం శుక్రవారం వేసుకుంటుంది. ఉంటాను, గుళ్ళో హారతి వేళయింది” అని ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మిగతాది అత్తయ్యకి నేను చెప్పాల్సి వచ్చింది. నలభై నిమిషాలు పట్టింది. అంతా విని, “అయితే అరిగిపోయినట్టేగా” అంది.